మూల ఎవరి పద్దులోది?

ఇల్లు కట్టే ఆలోచన ఉన్నవారు మొదట అడిగే మాట, "చదరపు అడుగుకి ఎంతవుతుంది?" అని. మేస్త్రి తడుముకోకుండా ఒక అంకె చెబుతాడు. పక్కవీధి మేస్త్రి ఇంకో అంకె చెబుతాడు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. కాకపోతే ఒకాయన తాను కిందటేడు కట్టిన ఇంటిని, రెండో ఆయన మొన్న పూర్తిచేసిన ఇంటిని మనసులో పెట్టుకుని చెప్పారు. అడిగినవారు కట్టబోయే ఇల్లు ఆ రెండింటిలో ఏదీ కాదు.

100 చదరపు మీటర్ల ఇల్లు తీసుకుందాం. అది 10 మీటర్లకు 10 మీటర్ల చతురస్రమైతే చుట్టుకొలత 40 మీటర్లు. అదే వైశాల్యాన్ని 5 మీటర్ల ముఖం, 20 మీటర్ల లోతు ఉన్న సన్నటి స్థలంలో సర్దితే చుట్టుకొలత 50 మీటర్లవుతుంది. నేల ఒక్క అంగుళం పెరగలేదు, బయటి గోడ మాత్రం పావు వంతు పెరిగింది. గోడ ఎత్తు 3 మీటర్లు, మందం 20 సెంటీమీటర్లు అనుకుంటే 6 ఘనపు మీటర్ల కట్టుబడి ఎక్కువ. మన దేశపు ప్రమాణాల్లోని మాడ్యులర్ ఇటుక కొలత 19 × 9 × 9 సెంటీమీటర్లు. చుట్టూ పట్టే మాలుతో కలిపి అది 20 × 10 × 10 సెంటీమీటర్ల చోటు తీసుకుంటుంది. అంటే ఘనపు మీటరుకు 500 ఇటుకలు. ఆ లెక్కన సన్నటి ఇంటికి 3,000 ఇటుకలు అదనం. వాటికి మాలు, కూలీ, రెండు వైపులా ప్లాస్టరింగు, రంగు, కింద అంత పొడవునా పునాది కూడా కావాలి. ఆ పునాది నల్లరేగడిలో పడితే ఒక ఖర్చు, మొరం నేలలో పడితే ఇంకో ఖర్చు. చదరపు అడుగు ధరలో ఇవేవీ పైకి కనిపించవు.

అలాగని ఆ ధర పనికిమాలినదేమీ కాదు. కేంద్ర ప్రజాపనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ కూడా భవనాల ప్లింతు వైశాల్యాన్ని బట్టి ధరల పట్టిక ప్రకటిస్తుంది. గీతలు గీయకముందు, అసలు ఈ పనికి డబ్బు సరిపోతుందా అని చూసుకోవడానికి అది చాలు. ఒప్పందం రాసుకోవడానికి చాలదు. అందుకు ఇంటిని పద్దులుగా విడదీయాలి. తవ్వకం ఎంత, కాంక్రీటు ఎంత, ఇటుక కట్టుబడి ఎంత, ఉక్కు ఎంత అని ఒక్కో పద్దు పరిమాణం కట్టి, దాని ధరతో గుణించి, అన్నిటినీ కూడాలి. ఈ విద్యనే క్వాంటిటీ సర్వేయింగ్ అంటారు. గల్ఫ్‌లో పనిచేసే మన సివిల్ ఇంజినీర్లకు 'క్యూఎస్' అన్న పేరు బాగా పరిచయం. ఇక్కడ మాత్రం ఆ పని ఎక్కువగా అసిస్టెంట్ ఇంజినీరు, అంటే ఏఈ గారి బల్ల మీదే జరిగిపోతుంది.

గుణకారం, కూడిక అందరికీ వచ్చు కదా, ఇందులో విద్య ఏముంది అనిపించవచ్చు. ఒక్క గది కొలిచి చూద్దాం. లోపలి కొలతలు 4 మీటర్లు, 3 మీటర్లు. గోడ మందం 23 సెంటీమీటర్లు. గోడ కింద పునాది కందకం 90 సెంటీమీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు. ఎంత మట్టి తవ్వాలి?

నాలుగు వైపులా కందకాన్ని బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే పొడవాటి వైపులు 5.13 మీటర్ల చొప్పున, పొట్టివి 4.13 మీటర్ల చొప్పున వస్తాయి. మొత్తం 18.52 మీటర్లు, అంటే 16.67 ఘనపు మీటర్ల మట్టి. ఈ లెక్కలో నాలుగు మూలలూ రెండేసి సార్లు పడ్డాయి. ప్రతి మూలా పొడవాటి కందకానిదీ అయింది, పొట్టి కందకానిదీ అయింది. లోపలి అంచుల నుంచి కొలిస్తే ఇది తిరగబడుతుంది. 10.19 ఘనపు మీటర్లే తేలి, మూలలు ఎవరికీ చెందకుండా పోతాయి. అసలు తవ్వాల్సింది 13.43. రెండు తప్పుల్లోనూ తేడా 3.24 ఘనపు మీటర్లే, సరిగ్గా నాలుగు మూలల మట్టి. మొదటి లెక్కతో బిల్లు ఇస్తే ఇంటివారు తవ్వని మట్టికి డబ్బు కడతారు. రెండో లెక్కతో ఇస్తే తవ్వినవాళ్ల కష్టం మట్టిలో కలుస్తుంది.

దీనికి ఇంజినీర్లు రెండు దారులు కనిపెట్టారు. ఒకటి, మూలలన్నీ పొడవాటి గోడలకు రాసేసి, పొట్టి గోడలను మధ్యలో మిగిలిన మేరకే కొలవడం. అప్పుడు పొడవాటివి 5.13, పొట్టివి 2.33, మొత్తం 14.92 మీటర్లు. రెండోది, గోడ మందం మధ్యలోంచి వెళ్లే గీతను కొలవడం. గది చుట్టూ ఆ గీత 4.23, 3.23 మీటర్లు. రెండేసి చొప్పున మళ్లీ 14.92. ఈ మధ్యగీత పద్ధతిలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. కందకం వెడల్పు 90 సెంటీమీటర్లైనా, దాని మీద మెట్లు మెట్లుగా సన్నబడే పునాది కట్టుబడి 60, 45 సెంటీమీటర్లైనా, పైన గోడ 23 సెంటీమీటర్లైనా పొడవు మారదు. కింద నుంచి పైదాకా ఒకే అంకె. ఏ మూల దగ్గరైనా మధ్యగీతకు బయట ఎంత పెరుగుతుందో లోపల అంతే తరుగుతుంది. అడ్డగోడ వచ్చి నిలువు గోడకు తగిలే చోట మాత్రం జాగ్రత్త పడాలి. అక్కడ మధ్యగీత ఎదుటి గోడ సగంలోకి చొరబడుతుంది కాబట్టి ఒక్కో అతుకుకు సగం వెడల్పు తీసెయ్యాలి. ఆ సగం ప్రతి మెట్టు దగ్గరా మారుతుంది. పరీక్షల్లో విద్యార్థులు మార్కులు పోగొట్టుకునేది సాధారణంగా ఇక్కడే.

మూల సంగతి జ్యామితి తేల్చింది. జ్యామితి తేల్చలేనివి కూడా ఉంటాయి. వెనకటికి ధాన్యం కొలిచేటప్పుడు కుంచం పోగుగా కొలవాలా, తలకొట్టి కొలవాలా అన్నది ముందే మాట్లాడుకునేవారు. రెండింటిలో ఏదీ తప్పు కాదు, మాట్లాడుకోకపోవడమే తప్పు. కట్టడాల్లో ఆ ముందుమాటను మన దేశంలో ఐఎస్ 1200 అనే ప్రమాణం చెబుతుంది. అది చాలా భాగాలుగా ఉంది. మట్టి పనికి ఒకటి, ఇటుక పనికి ఒకటి, ప్లాస్టరింగుకు ఒకటి, ఇలా.

ప్లాస్టరింగు భాగంలో కిటికీల సంగతి చూడండి. రెండు వైపులా ఒకే రకం పూత పూసిన గోడలో అర చదరపు మీటరు లోపు సందు ఉంటే ఏమీ తీసెయ్యక్కర్లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఉన్న కిటికీకి ఒక్క వైపు వైశాల్యమే తీసెయ్యాలి. దానికి బదులు కిటికీ లోపలి పక్కలకు, పైకి, కిందికి పూసిన పూతను విడిగా కలపకూడదు. 3 దాటితే రెండు వైపులా తీసేసి, ఆ పక్కల పూతను కొలిచి కలపాలి. పైకి ఇది గుమాస్తా పెట్టిన పేచీలా కనిపిస్తుంది గానీ లెక్క వేస్తే న్యాయం బయటపడుతుంది. 1.2 మీటర్ల చదరపు కిటికీ వైశాల్యం 1.44 చదరపు మీటర్లు. నిక్కచ్చిగా పోతే రెండు వైపులా 2.88 తీసేసి, 23 సెంటీమీటర్ల గోడ మందంలో చుట్టూ పడే 1.10 కలపాలి. నికరంగా 1.78 తగ్గాలి. నియమం ప్రకారం 1.44 తగ్గిస్తున్నాం. తేడా చదరపు మీటరులో మూడో వంతు. ఫ్రేము పట్టే చోటును ఈ లెక్కలో వదిలేశాను. ఆ కాస్త తేడా మేస్త్రికి పోతుంది, అంచులు నిలబెట్టడానికి పడే శ్రమకు అది దండగ కాదు. పైగా ప్రతి కిటికీ పక్కలకూ టేపు పట్టే పని తప్పింది. అదే 2 మీటర్లకు 1.5 మీటర్ల కిటికీ దగ్గర తేడా 1.39 చదరపు మీటర్లకు చేరుతుంది. అందుకే కాబోలు గీత సరిగ్గా అక్కడ గీశారు.

ఏ పద్దును ఏ కొలతలో కొలవాలన్నది కూడా ఇలాంటి ఏర్పాటే. ఖర్చు దేన్ని బట్టి పెరుగుతుందో దాన్నే కొలుస్తారు. తొమ్మిది అంగుళాల గోడ ఘనపు మీటర్లలో, నాలుగంగుళాల గోడ చదరపు మీటర్లలో, గచ్చు అంచున వేసే స్కర్టింగు పొడవు మీటర్లలో, ఉక్కు కిలోల్లో. ఉక్కు దగ్గర సైట్లో అందరికీ నోటికి వచ్చిన సూత్రం ఒకటుంది. ఊచ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు పొడవు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం ఊచకు 144ను 162తో భాగిస్తే 0.889 కిలో. 162 ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగుతుంది. ఊచ కోత వైశాల్యాన్ని దానితో గుణించి, మిల్లీమీటర్లను మీటర్లలోకి మారిస్తే మిగిలేది అదే. లారీ దిగిన ఉక్కు ఈ లెక్కకు బాగా తక్కువ తూగితే ఊచ పేరుకే 12 ఎంఎం అన్నమాట.

ఇసుక ఇంత సూటి మనిషి కాదు. అది తడితో ఆటలాడుతుంది. పొడి ఇసుకకు ఐదు శాతం దాకా తేమ తగిలిందంటే దాని ఘనపరిమాణం పావు వంతు పెరగవచ్చు, సన్న ఇసుకైతే అంతకన్నా ఎక్కువే. రేణువుల చుట్టూ చేరిన పలుచటి నీటిపొర తన తలతన్యతతో వాటిని దగ్గరకు జరగనివ్వకుండా ఎడంగా నిలబెడుతుంది. ఇంకా నీళ్లు పోసి పూర్తిగా ముంచేస్తే ఆ పొరలు తెగిపోయి ఇసుక మళ్లీ పొడిగా ఉన్నప్పటి మట్టానికి దిగిపోతుంది. ఒక గాజు సీసాలో తడి ఇసుక పోసి ఎత్తు గుర్తుపెట్టి, నిండా నీళ్లు పోసి కలిపి మళ్లీ చూడండి. ఎంత దిగిందో ట్రాక్టరులో అంత వంతు గాలి కొన్నట్టు. మట్టి కూడా అంతే. తవ్వితే గుల్లబారి పెరుగుతుంది. అందుకే తవ్వకాన్ని లారీల్లో లెక్కపెట్టకుండా గుంటలోనే కొలవడం మొదటి నియమం. కాంక్రీటు దగ్గర ఇది తిరగబడుతుంది. కంకర సందుల్లో ఇసుక, ఇసుక సందుల్లో సిమెంటు దూరిపోతాయి కాబట్టి ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు పొడి సరుకు సుమారు 1.54 ఘనపు మీటర్లు కావాలి. 1 : 1.5 : 3 పాళ్లలో అది దాదాపు 8 బస్తాల సిమెంటు, 0.42 ఘనపు మీటర్ల ఇసుక, 0.84 ఘనపు మీటర్ల కంకర.

ఈ విద్య ఒక వృత్తిగా రూపుకట్టింది ఇంగ్లండులో. 1681లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక గోపురం కట్టే విషయమై సర్ క్రిస్టఫర్ రెన్ అక్కడి బిషప్‌కు రాసిన లేఖలో పని చేయించడానికి మూడు దారులున్నాయన్నాడు. మన ఊళ్ల మాటల్లో చెబితే రోజు కూలీకి, కొలతకు, గుత్తకు. కూలీకి పెడితే పనివాళ్లు ఎప్పుడు బద్ధకిస్తున్నారో తెలుస్తుంది. గుత్తకిస్తే, తక్కువకు ఒప్పుకున్నవాడు చివరికొచ్చేసరికి పని చెడగొట్టే ప్రమాదం ఉంది. అందుచేత ధర ముందే తేల్చుకుని కొలతకు చేయించడమే మేలని ఆయన అభిప్రాయం. మూడు శతాబ్దాలు దాటినా మన మేస్త్రులతో బేరం ఈ మూడింటి మధ్యే నడుస్తోంది.

కొలతకు పని అంటే కొలిచేవాడు కావాలి. మొదట్లో ఆ మనిషి పని అయ్యాక వచ్చి కొలిచేవాడు. 19వ శతాబ్దంలో టెండర్లు పెరిగాక కథ మారింది. పోటీకి వచ్చిన కాంట్రాక్టర్లలో ఎవరికి వారు ఒక మనిషిని పెట్టుకుని గీతల నుంచి పరిమాణాలు తీయించేవారు. ఒకే భవనాన్ని పదిమంది కొలిస్తే పది లెక్కలు, పది జీతాలు. టెండరు దక్కేది ఒక్కరికే. చివరికి అందరూ కలిసి ఒక్కరినే పెట్టుకుని, ఒకే పరిమాణాల పట్టిక మీద ధరలు మాత్రం ఎవరివి వారు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఒక్కడే క్వాంటిటీ సర్వేయర్. పోటీ ధర మీదే జరగాలి, ఇల్లెంత పెద్దదన్న దాని మీద కాదు అన్న స్పష్టత అప్పుడు వచ్చింది.

ఈ వృత్తికి పెద్ద పీట వేసిన పని ఒక అగ్నిప్రమాదం తర్వాత వచ్చింది. ఇంగ్లండు ఖజానా శతాబ్దాలపాటు గాట్లు పెట్టిన కర్రపుల్లల మీద లెక్కలు రాసుకుంది. 1826లో ఆ పద్ధతి ఎత్తేశారు. మిగిలిన పుల్లల గుట్టను 1834 అక్టోబరు 16న పార్లమెంటు కింది పొయ్యిల్లో వేసి తగలబెడితే ఆ రాత్రి పార్లమెంటు భవనమే కాలిపోయింది. పాత లెక్కలు పోతూ పోతూ భవనాన్ని కూడా తీసుకుపోయాయి. కొత్త భవనానికి చార్లెస్ బ్యారీ నమూనా గీస్తే, హెన్రీ హంట్ అనే సర్వేయరు పరిమాణాలు కట్టి 7 లక్షల పౌండ్లకు పైచిలుకు అంచనా ఇచ్చాడు. ఆఖరికి 20 లక్షలు దాటింది, ఆరేళ్లన్న పని ముప్ఫై ఏళ్లు పట్టింది. హంట్‌కు కూడికలు రాకపోవడం వల్ల జరిగింది కాదది. ఆయన కొలిచిన గీతలు వేరు, కట్టిన భవనం వేరు. సిడ్నీ ఒపెరా హౌస్ మరీ విడ్డూరం. పైకప్పు గుల్లల ఆకారం తేలకముందే 1959లో పని మొదలుపెట్టారు. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా 1973లో పూర్తయ్యేసరికి 10 కోట్ల 20 లక్షలైంది. గీయని దాన్ని ఎవరూ కొలవలేరు.

పరిమాణాలు తేలాక ధర. మన దగ్గర ప్రభుత్వ పనులకు ఎస్ఎస్ఆర్ అనే ధరల పట్టిక ఉంది. ఒక్కో పద్దుకు ఎంత సరుకు, ఎందరు కూలీలు, ఏ యంత్రం ఎంతసేపు అని విడదీసి, దానికి కాంట్రాక్టరు ఖర్చులు, లాభం కలిపి ధర కడతారు. ఇసుక, కంకర ధరలు క్వారీ దగ్గరివి. అక్కడి నుంచి సైటుకు ఎన్ని కిలోమీటర్లో చూసి రవాణా కలుపుతారు. దాన్ని లీడ్ అంటారు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికీ, నదికి దూరంగా మెట్ట మీద ఉన్న ఊరికీ ఒకే నమూనా బడి భవనం కట్టినా అంచనా ఒకటి కాకపోవడానికి లీడ్ ఒక పెద్ద కారణం.

ధర ఏ ఏడాదిదన్నది ఇంకో ముఖ్య సంగతి. పోలవరం అంచనా 2005-06 ధరల్లో 10,151 కోట్లు, 2010-11 ధరల్లో 16,010 కోట్లు, 2017-18 ధరల్లో కేంద్ర సాంకేతిక సలహా సంఘం ఒప్పుకున్నది 55,548 కోట్లు. ఏడాది చెప్పకుండా ఈ మూడు అంకెల్లో ఏది చెప్పినా అర్థం లేదు. రాజకీయ వేదికల మీద జరుగుతున్నది చాలాసార్లు అదే. పైగా ఆఖరి పెరుగుదలలో పెద్ద వాటా సిమెంటు, ఉక్కులది కాదు. 2014లో అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం వల్ల భూమికి, నిర్వాసితుల పునరావాసానికి ఇవ్వాల్సింది పెరిగింది. చట్టం మారితే పద్దు మారుతుంది.

ఇన్ని అనిశ్చితుల మధ్య అంచనా ఎలా నిలబడుతుంది? ఇక్కడ సంభావ్యతా శాస్త్రం కొంత ఆదుకుంటుంది. దాదాపు ఒకే విలువ గల 100 పద్దులున్నాయనుకోండి. ఒక్కోదాంట్లో 20 శాతం అటో ఇటో తప్పు దొర్లింది, ఒకదాని తప్పుకు ఇంకోదానితో సంబంధం లేదు. అప్పుడు మొత్తం మీద తప్పు సుమారు 2 శాతమే ఉంటుంది. ఎక్కువలు, తక్కువలు ఒకదాన్నొకటి తినేస్తాయి. చదరపు అడుగు ధర దగ్గర ఈ వెసులుబాటు లేదు, అక్కడ ఉన్నది ఒకటే అంకె, అది తప్పితే మొత్తం తప్పినట్టే. అయితే సంబంధం లేని తప్పులకే ఈ రక్షణ. సిమెంటు ధర తప్పు వేస్తే పునాది నుంచి పారపెట్ గోడ దాకా అన్ని పద్దులూ ఒకే వైపుకు ఒరుగుతాయి. మరచిపోయిన పద్దు సంగతి మరీ ఘోరం. సెప్టిక్ ట్యాంకు మరచిపోయినవాళ్లు ఉంటారు గానీ, లేని సెప్టిక్ ట్యాంకును పొరపాటున అంచనాలో కలిపినవాళ్లు అరుదు. మరుపు ఎప్పుడూ ఖర్చును తక్కువగానే చూపిస్తుంది. సొంత ఇళ్ల అంచనాలు దాటిపోవడానికి ధరల పెరుగుదలను తిడతారు గానీ, కాంపౌండు గోడ, సంపు, కరెంటు కనెక్షను, మెట్ల రెయిలింగు కాగితం మీద లేకపోవడమే అసలు కారణమని నా అనుమానం.

పని నడిచేటప్పుడు కొలత మళ్లీ మొదలవుతుంది. ప్రభుత్వ పనుల్లో అది ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో పడాలి. పేజీలకు ముందే నంబర్లుంటాయి, చింపకూడదు, చెరపకూడదు, కొట్టివేత ఉంటే పక్కన సంతకం ఉండాలి. ఏఈ రాసిన కొలతల్లో కొన్నిటిని పై అధికారి సైటుకు వచ్చి మళ్లీ కొలిచి చూడాలి. ఈ కట్టుదిట్టాలు వచ్చింది అనుభవం నుంచే. చెరువు మట్టి తవ్వించినప్పుడు లోతు తెలియడానికి అక్కడక్కడా మట్టి దిమ్మలను తవ్వకుండా వదిలేస్తారు. దిమ్మ ఎత్తే తవ్వకం లోతు. రాత్రికి రాత్రి దిమ్మ నెత్తిన రెండు గంపల మట్టి పోసి తట్టి, పైన గడ్డి పరిచిన ఘనులు ఉన్నారు. అందుకని పెద్ద పనుల్లో తవ్వకం మొదలుకాకముందే నేల మట్టాలు తీసి, రెండు పక్షాల చేతా సంతకాలు పెట్టిస్తారు. కప్పబడిపోయే పద్దులకు కూడా ఇదే పద్ధతి. కాంక్రీటు పడ్డాక ఊచలు ఎన్నో, ఎంత ఎడంలో కట్టారో ఎవరూ లెక్కపెట్టలేరు. కాబట్టి స్లాబు పోసే రోజు మిక్సరు తిరగకముందే ఇంజినీరు సెంట్రింగు ఎక్కి, ఒక్కో సైజు ఊచ పొడవూ సంఖ్యా ఎం-బుక్‌లో ఎక్కించి దిగాలి.